ప్రోగ్రామింగ్, వీడియో ఎడిటింగ్, గేమింగ్ మూడింటికీ ఒకే ల్యాప్‌టాప్: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు ఎలా ఎంచుకోవాలి?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయం కాగానే కావలి, కందుకూరు, ఒంగోలు ఇళ్లలో వచ్చే తర్వాతి ప్రశ్న ల్యాప్‌టాప్. పిల్లవాడు కోడింగ్‌కంటాడు, మనసులో గేమ్స్ ఉంటాయి. పెళ్లి వీడియోలు తీసే వాళ్లకు ఎడిటింగ్ ముఖ్యం, రాత్రిళ్లు కాసేపు ఆట కూడా కావాలి. ఇంట్లో పెట్టగలిగిన డబ్బు మాత్రం ఒక్క యంత్రానికే. లక్షకు అటూ ఇటూ ఖర్చయ్యే ఈ వస్తువును చాలామంది స్టిక్కర్ మీద పేరు చూసి కొనేస్తున్నారు. ఐ7 అని ఉంటే మంచిది, ఆర్‌టీఎక్స్ అని ఉంటే గేమింగ్‌ది, అంతే లెక్క. ఆ పేర్లు సగం సంగతే చెబుతాయి. ఆ చిప్‌కు ఎన్ని వాట్ల కరెంటు అందుతోంది, పుట్టే వేడి ఎంత బాగా బయటికి పోతోంది, ర్యామ్ పెంచుకునే వీలుందా, చెడితే ఎవరొచ్చి బాగుచేస్తారు అన్నవి మిగతా సగం. మన ఎండలకు ఆ రెండో సగమే ఎక్కువ బరువు.

అడుగు 1: మూడు పనుల్లో మీకు ముందు ఏది?

షాపుకు వెళ్లే ముందే ఒక కాగితం మీద రాసుకోండి. వారంలో దేనికి ఎన్ని గంటలు కూర్చుంటారు? వాటిలో డబ్బు తెచ్చేది, లేదా చదువుకు తప్పనిసరి అయినది ఏది? దాన్ని బట్టే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

ప్రోగ్రామింగ్‌కు ర్యామ్, మంచి కీబోర్డు, కళ్లకు హాయిగా ఉండే స్క్రీన్ కావాలి. సి, జావా, పైథాన్ నేర్చుకునే మొదటి రెండేళ్లలో విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరమే రాదు. మెషిన్ లెర్నింగ్ మొదలుపెట్టినా గూగుల్ కొలాబ్ అనే ఆన్‌లైన్ సేవలో కొంతమేర జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) కూడా నడపాలంటే 16 జీబీ ర్యామ్ కనీసం.

గేమింగ్‌లో గ్రాఫిక్స్ కార్డు, దాన్ని చల్లబరిచే ఫ్యాన్లు ముందు. ప్రాసెసర్ మధ్యరకంది చాలు. మూడింటిలో బరువైనది ఎడిటింగ్. దానికి ప్రాసెసర్, గ్రాఫిక్స్, ర్యామ్, వేగమైన డిస్క్, రంగులు సరిగ్గా చూపే స్క్రీన్ అన్నీ కావాలి. అందుకే ఎడిటింగ్ మీ జీవనాధారమైతే దానికి తగ్గట్టు కొనండి, మిగతా రెండూ అందులోనే నడుస్తాయి. ఎడిటింగ్ అంటే నెలకు నాలుగు రీల్స్ మాత్రమే అయితే ఆ పేరుతో ముప్పై వేలు ఎక్కువ పెట్టకండి.

అడుగు 2: ప్రాసెసర్ పేరులో చివరి అక్షరం చదవండి

ఇంటెల్ వారి ఐ5, ఐ7, ఏఎండీ వారి రైజెన్ 5, రైజెన్ 7 అన్నవి కుటుంబాల పేర్లు. అసలు సంగతి ఆ తర్వాత వచ్చే అంకెల్లో, చివరి అక్షరంలో ఉంటుంది. చివర యు ఉంటే పలుచని, బ్యాటరీ ఆదా చేసే ల్యాప్‌టాప్‌లకు చేసినది. హెచ్ లేదా హెచ్ఎస్ ఉంటే ఎక్కువ వాట్లు తీసుకుని ఎక్కువసేపు బరువు లాగేది. హెచ్ఎక్స్ ఇంకా పెద్దది, దాంతో వేడి కూడా పెద్దదే.

ఒక ఉదాహరణ చూడండి. ఐ7-1355యు, ఐ5-13420హెచ్ రెండూ పక్కపక్కన పెట్టి అమ్ముతారు. ఐ7 అన్న మాట చూసి మొదటిదానికి ఎక్కువ ఇచ్చేవాళ్లు ఉన్నారు. అందులో వేగంగా నడిచే పెద్ద కోర్లు (పని చేసే భాగాలు) 2, దాని మూల విద్యుత్తు 15 వాట్లు. రెండోదానిలో పెద్ద కోర్లు 4, మూల విద్యుత్తు 45 వాట్లు. బ్రౌజర్ తెరిచినప్పుడు తేడా కనపడదు. గంటసేపు వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే ఐ5 ముందుంటుంది.

రైజెన్ 7000 వరుసలో మూడో అంకె చూడండి. 7520యు లో మూడో అంకె 2, అంటే లోపల ఉన్నది జెన్ 2 అనే పాత డిజైన్, కోర్లు నాలుగే. 7535హెచ్ఎస్ లో అది 3. 7640హెచ్ఎస్ లో 4, అంటే జెన్ 4, మూడింటిలో కొత్తది. మొదట 7 ఉంది కదా అని అన్నీ ఒకటే అనుకుంటే నష్టం. ఇంకో సంగతి: గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో బాగా కనిపించే రైజెన్ 7 7435హెచ్ఎస్ బలమైన చిప్పే గానీ అందులో అంతర్గత గ్రాఫిక్స్ (ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్న గ్రాఫిక్స్ భాగం) లేదు. ఎప్పుడూ పెద్ద గ్రాఫిక్స్ కార్డే పనిచేస్తుంది కాబట్టి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. ఇంట్లో ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడేవాళ్లకు ఇబ్బంది లేదు. రోజూ కాలేజీకి మోసుకెళ్లే పిల్లలకు నేనైతే వద్దంటాను.

ఎడిటింగ్ చేసేవాళ్లకు ఇంటెల్‌లో ఒక మేలు ఉంది. దాని అంతర్గత గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే భాగం వీడియో ఫైళ్లను తెరవడం, ఎక్స్‌పోర్ట్ చేయడం తన మీద వేసుకుంటుంది. సోనీ ఏ7 ఫోర్ లాంటి కెమెరాలతో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువ ఉంచే పద్ధతి) లో హెచ్.265 ఫార్మాట్ రికార్డింగ్ చేసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఎన్‌విడియా కార్డుల్లో 40 సిరీస్ వరకు ఈ 4:2:2 ఫైళ్లను డీకోడ్ చేసే, అంటే విప్పి ఆడించే, హార్డ్‌వేర్ లేదు, 50 సిరీస్‌లోనే వచ్చింది. ఇంటెల్‌లో 11వ తరం నుంచీ నిక్షేపంగా ఉంది. ముహూర్తం ఫుటేజీ టైమ్‌లైన్‌లో ఆగి ఆగి ఆడుతుంటే చాలామంది గ్రాఫిక్స్ కార్డు చిన్నదని అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఇదే. ఉన్న యంత్రంతోనే నెట్టుకురావాలంటే ప్రాక్సీ ఫైళ్లు (అదే వీడియోకు తేలికైన కాపీలు) చేసుకుని ఎడిట్ చేయడం దారి.

అడుగు 3: గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లది అని అడగండి

ఈ ఒక్క ప్రశ్న షాపులో అడిగితే చాలు, అవతలి వ్యక్తికి సరుకు గురించి ఎంత తెలుసో మీకు తెలిసిపోతుంది.

ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ కార్డును ఎన్‌విడియా 35 నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా పెట్టుకోవచ్చని కంపెనీలకు వదిలేసింది. 4060 కూడా అంతే. పలుచగా, అందంగా ఉన్న ల్యాప్‌టాప్‌లో 4060 ను 60 వాట్ల దగ్గర కట్టేసి ఉంటే, లావుగా ఉన్నదాంట్లో 100 వాట్లకు పైగా తీసుకునే 4050 దాని దగ్గరికి వచ్చేస్తుంది. స్టిక్కర్ మీద మాత్రం 4060 అనే ఉంటుంది, ధర కూడా దానిదే. ఈ వాట్ల సంఖ్యను టీజీపీ అంటారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ వివరాల పేజీలో చిన్న అక్షరాల్లో దొరుకుతుంది. డెమో యంత్రం ఆన్‌లో ఉంటే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూడొచ్చు.

కార్డులో ఉండే సొంత మెమరీ, అంటే వీర్యామ్, తర్వాత పెంచుకునేది కాదు. 2050 లో 4 జీబీ, 3050 లో 4 లేదా 6, 4050 లో 6, 4060, 5050, 5060 లలో 8 జీబీ. 4 జీబీ కార్డు వాలరెంట్ లాంటి తేలిక ఆటలకు, ఫుల్ హెచ్‌డీ ఎడిటింగ్‌కు సరిపోతుంది. కొత్తగా వచ్చే పెద్ద ఆటలకు, 4కె టైమ్‌లైన్‌లో కలర్ గ్రేడింగ్ (రంగులు దిద్దడం), నాయిస్ (వీడియోలో చుక్కచుక్కల మసక) తగ్గించడం లాంటి పనులకు అది చాలదు. మూడు పనులూ చేయాలనుకునేవాళ్లకు 6 జీబీ కింది గీత, 8 జీబీ ఉంటే నాలుగైదేళ్లు నిశ్చింత. 2050 ఉన్నవాటిని ఆర్‌టీఎక్స్ గేమింగ్ ల్యాప్‌టాప్ అని పెద్దగా చెప్పి అమ్ముతున్నారు. ఆ ధరకు కొంచెం కలిపి 3050 లో 6 జీబీ ఉన్నదైనా చూడమని నా సలహా.

అడుగు 4: ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

16 జీబీ కనీసం. ఎడిటింగ్ ముఖ్యమైతే 32 వరకు పెంచే వీలుండాలి. ఇక్కడ గట్టిగా అడగాల్సినవి రెండు. ర్యామ్ బోర్డుకు అతికించి ఉందా, స్లాట్‌లో ఉందా? ఎల్పీడీడీఆర్ అని రాసి ఉంటే దాదాపు ఎప్పుడూ అతికించినదే, కొన్నరోజున ఎంత ఉందో చివరిదాకా అంతే. రెండోది, ఒకే స్టిక్కా, రెండా? ఒకే 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్‌లు కలిసి పనిచేస్తే గేమ్స్‌లో ఫ్రేములు బాగా వస్తాయి, అంతర్గత గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్లకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. డీడీఆర్4 (పాత తరం ర్యామ్) స్లాట్‌లో డీడీఆర్5 (కొత్త తరం) స్టిక్ పట్టదని కూడా గుర్తుంచుకోండి.

"ఇప్పుడు 8 జీబీ తీసుకో అన్నా, తర్వాత తక్కువలో వేసుకోవచ్చు" అని షాపుల్లో చెప్పే మాట కొన్నేళ్ల కిందట నిజమే. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. కాబట్టి విడిగా స్టిక్ ధర ఆ రోజు ఎంతుందో అడిగి, కలిపి లెక్కవేశాకే నిర్ణయించుకోండి.

డిస్క్ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ అయి ఉండాలి. 512 జీబీ అని కొన్నది విండోస్‌లో 476 జీబీగా కనిపిస్తుంది, అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా. అందులో విండోస్, సాఫ్ట్‌వేర్ పోగా రెండు పెద్ద గేమ్స్, ఒక పెళ్లి ఫుటేజీ పడేసరికి నిండిపోతుంది. అందుకే రెండో ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఖాళీగా ఉన్న మోడల్‌కు నేను ఎక్కువ విలువ ఇస్తాను. పూర్తయిన ప్రాజెక్టులు బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. క్లయింటుకు అప్పగించేదాకా రెండు చోట్ల కాపీ ఉండాల్సిందే.

అడుగు 5: స్క్రీన్

గేమర్లు 144 హెర్ట్జ్ (సెకనుకు తెర 144 సార్లు మారడం) చూస్తారు, అది ఇప్పుడు దాదాపు అన్నిట్లో వస్తోంది. రంగుల సంగతి మాత్రం ఎవరూ అడగరు. వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే ఆ స్క్రీన్ ఎస్ఆర్‌జీబీ (వీడియోలకు, వెబ్‌కు వాడే మామూలు రంగుల కొలత) రంగుల్లో మూడింట రెండొంతులు కూడా చూపదు. పెళ్లికూతురి కంచిపట్టు చీర ఎరుపు మీ స్క్రీన్ మీద వెలిసినట్టుంటుంది. మీరు రంగు పెంచుతారు. అదే వీడియో వాళ్ల టీవీలో చూస్తే చీర కళ్లలో గుచ్చుకుంటుంది. ఎడిటింగ్ డబ్బుకు చేసేవాళ్లకు "100 శాతం ఎస్ఆర్‌జీబీ" తప్పనిసరి. అది కుదరని బడ్జెట్ అయితే మంచి ఐపీఎస్ (ఏ వైపు నుంచి చూసినా రంగులు మారని రకం) మానిటర్ విడిగా కొనుక్కుని హెచ్‌డీఎంఐతో కలుపుకోండి, చాలామంది స్టూడియోల వాళ్లు చేసే పని అదే.

వెలుతురు 300 నిట్స్ ఉండాలి. 250 ఉన్నవి మన వరండాలో పగలు కూర్చుంటే కనపడవు. కోడ్ రాసేవాళ్లకు 16:10 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) స్క్రీన్ బాగుంటుంది, పైకీ కిందికీ మరికొన్ని లైన్లు ఎక్కువ కనిపిస్తాయి.

అడుగు 6: వేడి, దుమ్ము, సముద్రపు గాలి

ఇలాంటి సలహాలు రాసేవాళ్లు చాలావరకు ఏసీ గదుల్లో కూర్చుని పరీక్షించిన లెక్కలతో రాస్తారు. మే నెలలో నెల్లూరు, ఒంగోలు 42, 43 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఫ్యాన్ కింద, రేకుల ఇంట్లోనో పై అంతస్తులోనో కూర్చుని వాడేవాళ్లు చాలామంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ గదిలో గాలినే లోపలికి పీల్చి చిప్ వేడిని బయటికి తోస్తుంది. ఆ గాలే నలభై డిగ్రీలుంటే ఎంత మంచి ఫ్యాన్ అయినా ఇబ్బంది పడుతుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. జనవరిలో హాయిగా ఆడిన గేమ్ మేలో తడబడటానికి, ఎక్స్‌పోర్ట్ సమయం పెరగడానికి కారణం ఇదే. యంత్రం చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

కాబట్టి కొనేటప్పుడే కొంచెం లావుగా, బరువుగా ఉన్నదాన్ని ఇష్టపడండి. రెండు ఫ్యాన్లు, వెనకా పక్కలా గాలి బయటికి వచ్చే సందులు, కింద ఎత్తయిన రబ్బరు కాళ్లు ఉన్నాయో లేదో తిప్పి చూడండి. ఒకే ఫ్యాన్‌తో గ్రాఫిక్స్ కార్డు ఉన్న పలుచని ల్యాప్‌టాప్ మన వాతావరణానికి సరిపడదని నా గట్టి అభిప్రాయం. యూట్యూబ్ రివ్యూలు చూసేటప్పుడు మొదటి ఐదు నిమిషాల స్కోరు వదిలేసి, అరగంట తర్వాత ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఎన్ని వాట్ల దగ్గర నిలబడ్డాయో చూడండి.

వాడకంలో పరుపు మీద, దిండు మీద పెట్టవద్దు. వెనకభాగం రెండంగుళాలు ఎత్తు లేపే స్టాండ్ పెడితే ఉష్ణోగ్రత తగ్గుతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీల దగ్గర, మార్కాపురంలో పలకల పనులు జరిగే చోట ఉండేవాళ్లకు సన్నని రాతి పొడి ఫ్యాన్ రెక్కల్లో త్వరగా పేరుకుంటుంది. అక్కడివాళ్లు ఆరు నెలలకోసారి, మిగతావాళ్లు ఏడాదికోసారి ఎండలు ముదిరేలోపు విప్పించి శుభ్రం చేయించుకోవాలి. కొన్ని కంపెనీల్లో మనం విప్పితే వారంటీకి ఇబ్బంది వస్తుంది కాబట్టి ముందే నిబంధన చదవండి. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి, తేమ లోహపు భాగాలను తింటాయి. వాడనప్పుడు కిటికీ పక్కన తెరిచి వదిలేయకుండా బ్యాగులో పెట్టండి.

అడుగు 7: కరెంటు, ఛార్జర్, బ్యాటరీ

గేమింగ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద తన పూర్తి బలం చూపదు. గేమ్, పెద్ద ఎక్స్‌పోర్ట్ రెండూ ప్లగ్‌లో పెట్టే చేయాలి. ఛార్జర్ 180, 230 వాట్లది ఉంటుంది, చిన్న ఇటుకంత బరువు. కాలేజీకి మోయాల్సిన వాళ్లు టైప్-సి ద్వారా 65 లేదా 100 వాట్ల ఛార్జింగ్ ఒప్పుకునే మోడల్ చూసుకుంటే చిన్న ఛార్జర్‌తో తరగతి గడిచిపోతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంటు పోయినప్పుడు గేమ్ ఆడితే ఫ్యాన్లు, లైట్లకు ఉన్న బ్యాకప్ కరిగిపోతుంది. అప్పుడు ప్రోగ్రామింగ్ పని పెట్టుకోవడం మేలు. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లలో లోహపు బాడీ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పిన్నుల ప్లగ్ సరిచేయించండి.

ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో బ్యాటరీ ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. వేడిలో వంద శాతం నిండి ఉండటం బ్యాటరీకి ఆయుష్షు తగ్గిస్తుంది.

మ్యాక్‌బుక్ గురించి అడిగేవాళ్లకు: ఎడిటింగ్‌కు, ప్రోగ్రామింగ్‌కు చాలా మంచిది, బ్యాటరీలో దానికి సాటి తక్కువ. ఐఫోన్ యాప్‌లు చేయాలంటే మ్యాక్ తప్పదు. గేమ్స్ చాలావరకు దొరకవు, మూడో పని అక్కడ ఆగిపోతుంది. ఎయిర్‌లో ఫ్యాన్ ఉండదు కనుక ఎండాకాలం పొడవాటి ఎక్స్‌పోర్ట్‌లలో వేగం తగ్గుతుంది. లినక్స్ వేసుకుందామనుకునే కోడర్లు కూడా ఒకటి గమనించండి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ లినక్స్‌లో హెచ్.264 వీడియో ఫైళ్లను తెరవదు, వాలరెంట్ అక్కడ నడవదు. విండోస్ పక్కనే ఉంచుకుని రెండూ వేసుకోండి.

అడుగు 8: ఎక్కడ కొనాలి, ఎవరు బాగుచేస్తారు

కొనే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీసు సెంటర్ల పేజీ తెరిచి మీ పిన్‌కోడ్ కొట్టండి. ఉదయగిరి, కనిగిరి, గిద్దలూరు వైపు వాళ్లకు ఇది మరీ అవసరం. దగ్గరి సెంటర్ నెల్లూరులోనో ఒంగోలులోనో ఉందా, చెన్నై, విజయవాడ పోవాలా? ఆన్‌సైట్ వారంటీ అంటే మనిషి ఇంటికి వస్తాడు, క్యారీ-ఇన్ అంటే మనమే మోసుకెళ్లాలి. మీ పిన్‌కోడ్‌కు ఆన్‌సైట్ వర్తిస్తుందో లేదో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగండి. రెండు మోడళ్లు ఇంచుమించు సమానంగా ఉంటే దగ్గర్లో సర్వీసు ఉన్న కంపెనీదే తీసుకోండి, రెండు వేలు ఎక్కువైనా సరే.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో తక్కువకు వస్తుందని రైలెక్కేవాళ్లు ఉన్నారు. వెళ్లండి, కానీ సీల్ ఉన్న పెట్టె, జీఎస్టీ బిల్లు, ఆ సీరియల్ నంబరుకు ఇండియా వారంటీ మూడూ ఉంటేనే డబ్బు ఇవ్వండి. సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో అక్కడే ఫోన్‌లో కొట్టి చూడొచ్చు. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే వద్దనండి. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియోలు తమ నంబరు బిల్లు మీద వేయించుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. ఆన్‌లైన్ ధరలు ఆగస్టు 15 కు, దసరా దీపావళికి, జనవరి 26 ముందు తగ్గుతుంటాయి. ఆ ధర ఫోన్‌లో చూపించి మీ ఊరి షాపులో అడిగి చూడండి. కొంచెం తేడాతో ఇస్తే షాపులోనే కొనడం నాకు ఇష్టం, ఏదైనా తేడా వస్తే ఎదురుగా వెళ్లి మాట్లాడటానికి మనిషి ఉంటాడు.

విండోస్ లేకుండా వచ్చే మోడళ్లు కొంత తక్కువకు దొరుకుతాయి. వాటిలో షాపువాళ్లు వేసే దొంగ విండోస్‌తో వైరస్ టెన్షన్ తప్పదు. అసలు విండోస్ 11 తో వచ్చినదే తీసుకోండి. పాత సరుకులో విండోస్ 10 ఉన్నది అంటగడితే వద్దు, దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14 తో ముగిసింది.

అడుగు 9: డబ్బు కట్టాక, మొదటి వారంలో

పెట్టె విప్పేటప్పుడు సీల్ దగ్గర్నుంచి వీడియో తీయండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు విద్యార్థి సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా వాడండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఎంఎస్ ఆఫీస్ ఏ ఖాతాతో యాక్టివేట్ అయితే దానికే కట్టుబడుతుంది. "నేను చేసిపెడతా" అని షాపు కుర్రాడు తన ఖాతాతో చేస్తే తర్వాత ఇబ్బంది.

తెల్ల, నల్ల, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిత్రాలు స్క్రీన్ నిండా పెట్టి చుక్కలేమైనా చచ్చి ఉన్నాయా చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరిస్తే ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయి కనిపిస్తాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీస్తే బ్యాటరీ డిజైన్ సామర్థ్యం, ఇప్పటి పూర్తి సామర్థ్యం పక్కపక్కన వస్తాయి. ఛార్జింగ్ సైకిళ్లు ఎక్కువ కనపడితే అది డెమో పీస్ కావచ్చు. ప్రతి కీ నొక్కండి, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టండి. ఆ తర్వాత మీ అసలు పని గంటసేపు ఆపకుండా నడపండి: బరువైన గేమ్, లేదా పది నిమిషాల 4కె వీడియో వరసగా ఎక్స్‌పోర్ట్. ఆగిపోవడం, నీలి తెర, ఫ్యాన్‌లో గరగర శబ్దం ఏది వచ్చినా ఆ రోజే రీప్లేస్‌మెంట్ అడగండి. ఆన్‌లైన్‌లో ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది.

అమ్మినవాళ్లు దాటవేస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చెన్నైలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. బిల్లు, పెట్టె విప్పిన వీడియో, కస్టమర్ కేర్‌తో జరిగిన మెసేజ్‌లు అందుకోసం దాచిపెట్టుకోండి.